పచ్చ గోలీల సాక్ష్యం

మా అమ్మకు పొగరెక్కువ. నింద కాదిది, ఉన్న మాట. నలభై ఏళ్ళు పరుల చేలల్లో కలుపు తీసి, పత్తి ఏరి, పసుపు తవ్విన మనిషి తల ఎత్తుకుని నడవాలంటే ఆ మాత్రం పొగరు లేకపోతే ఎలా? ముక్కు, రంగు నాన్నవి వచ్చాయి కానీ పొగరు మాత్రం అచ్చం అమ్మదేనని వాడలో అందరూ నన్ను అంటారు. అననీ, నాకు సంతోషమే.

మాది నవాబుపేట పక్క ఊరు. మా వాడలోనే చిన్న చర్చి ఉంది. ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలకు కొంత సమయం ఇస్తారు. దేవుడు మేలు చేశాడనుకున్నవాళ్ళు లేచి నిలబడి అందరి ముందూ చెప్పాలి. జ్వరం తగ్గినా సాక్ష్యమే, బర్రె ఈనినా సాక్ష్యమే, బోరులో నీళ్ళు పడ్డా సాక్ష్యమే. నాకు ఉద్యోగం వచ్చిన వారం అమ్మ లేచింది. కొంగు నిండుగా కప్పుకుని, పాస్టరుగారి వైపు కాకుండా మనుషుల వైపు తిరిగి నిలబడింది.

"అయ్యగారికి, సంఘానికి వందనాలు. నా బిడ్డకు నౌకరి దొరికింది. మందుల కంపెనీల. డాక్టర్ల కాడికి పోయి ఏ నొప్పికి ఏ గోలి రాయాల్నో చెప్తదట. మనం డాక్టర్ ముంగట నోరు తెరువం. నా బిడ్డ డాక్టర్లకే చెప్తది. ప్రభువుకు స్తోత్రం."

సిగ్గుతో తల వంచుకున్నాను కానీ లోపల పొంగిపోయాను. అమ్మ పక్కన కూర్చున్న చిన్నమ్మ అందరికంటే గట్టిగా ఆమెన్ అంది. చిన్నమ్మ అంటే రక్తసంబంధం ఏమీ లేదు. మా గోడకు ఆనుకున్న ఇల్లు ఆమెది. ముప్పై ఏళ్ళుగా అమ్మకు కూలి జత. ఏ చేనుకు పోయినా పక్కపక్క సాళ్ళు, సద్ది తినేటప్పుడు ఒకటే గిన్నె. నేను బి.ఫార్మసీ చదివిన రోజుల్లో అమ్మ చీకటితోనే పనికి పోతే, నాకు అన్నం కలిపి పెట్టి వికారాబాద్ బస్సు ఎక్కించింది ఆమే.

పని నాకు బాగా వచ్చింది. చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు? వారంలో మూడు రోజులు వికారాబాద్, మూడు రోజులు తాండూరు. పొద్దున్నే బస్సులో వికారాబాద్ వచ్చి, స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని, తాండూరు రైలు ఎక్కేదాన్ని. కిటికీ పక్కన కూర్చుని, బ్యాగులోంచి ఫోల్డర్ తీసి, పెదాలు కదిలిస్తూ పాఠం అప్పజెప్పుకునేదాన్ని. ఆ లైనులో ఆడ మెడికల్ రెప్‌ను నేనొక్కదాన్నే. మగ రెప్‌లు క్లినిక్ బయట బండ్ల మీద కూర్చుని ముచ్చట్లు పెట్టుకుంటుంటే నేను లోపలికి పోయి పని ముగించుకుని వచ్చేసేదాన్ని. ఇస్త్రీ చేసిన చీర, పిన్ను పెట్టిన కొంగు, భుజాన నల్ల బ్యాగు. మా వంశంలో చేతికి మట్టి అంటకుండా పని చేసిన మొదటి మనిషిని నేను.

ఆ ఫోల్డర్ గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో మూడు రోజుల శిక్షణ ఇచ్చి చేతిలో పెట్టారు. మా కంపెనీ నొప్పి గోలి గురించి మెరిసే కాగితం మీద ఐదు పేజీలు. మొదటి పేజీలో నవ్వుతూ మెట్లెక్కుతున్న ముసలమ్మ. రెండో పేజీలో గీతల బొమ్మ. మూడోదాంట్లో ఎంత త్వరగా నొప్పి తగ్గుతుందో, నాలుగోదాంట్లో మిగతా కంపెనీల గోలీల కంటే మాది ఎంత మేలో. ఐదో పేజీలో బొమ్మలు లేవు. చీమ తలకాయంత అక్షరాల్లో ఈ గోలి ఎవరు వాడకూడదో, ఎన్ని రోజులకు మించి వాడకూడదో ఉంటుంది. కడుపులో పుండు పడొచ్చు. బీపీ ఉన్నవాళ్ళకు ప్రమాదం. ఎండలో ఒంట్లో నీరు తగ్గినవాళ్ళకు కిడ్నీలు దెబ్బతినొచ్చు. ఇవన్నీ కాలేజీలో చదువుకున్నవే, నాకు కంఠతా వచ్చు.

శిక్షణలో నేను ఐదో పేజీ కూడా తిప్పి మొదలుపెట్టబోతే మా మేనేజర్ ఆపాడు. నవ్వుతూనే ఆపాడు, కోపమేమీ లేదు.

"ఆ పేజీ లాయర్ల కోసం మేడం. డాక్టర్ల కోసం కాదు. డాక్టర్ మీకు ఇచ్చేది ఒక్క నిమిషం. నాలుగు పేజీలు తిప్పి థ్యాంక్యూ చెప్పండి. అడిగితే అప్పుడు చూద్దాం."

ఎవరూ అడగలేదు. తాండూరులో నేను పోయే క్లినిక్‌లో బెంచీల మీద ఎప్పుడూ బండల గనుల్లో పనిచేసేవాళ్ళు, పాలిష్ మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళు ఉండేవాళ్ళు. కనురెప్పల మీద తెల్లటి దుమ్ము, నడుం మీద చెయ్యి. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో, ఒకరు కన్నడలో చెప్పుకునేది ఒకటే నొప్పి. ఇద్దరు పేషెంట్ల మధ్య సందులో నన్ను లోపలికి పిలిచేవాడు డాక్టర్. నిలబడే నాలుగు పేజీలు తిప్పేదాన్ని.

"తగ్గుతదా?" అనేవాడు.

"అరగంటలో సార్."

నా తర్వాత లోపలికి పోయిన మనిషి బయటికి వచ్చేటప్పుడు చీటీ మీద మా గోలి పేరు కనిపించేది. మంచి పని చేశానని నిజంగానే అనుకునేదాన్ని. నొప్పి తగ్గేది కదా. ఒక్క అబద్ధం కూడా నేను చెప్పలేదు. చెప్పినవన్నీ నిజాలే, నాలుగు పేజీల నిజాలు. రెండేళ్ళు తిరిగేసరికి మా జోన్‌లో నేనే ఫస్ట్ వచ్చాను. షీల్డ్ ఇచ్చారు. అమ్మ దాన్ని టీవీ మీద పెట్టి, దుమ్ము పడకుండా పాత బ్లౌజు గుడ్డ కప్పింది. ఎవరైనా ఇంటికి వస్తే ఆ గుడ్డ తీసి చూపించి మళ్ళీ కప్పేది.

డాక్టర్లకు ఇవ్వమని మాకు శాంపిళ్ళు ఇచ్చేవాళ్ళు. ఆకుపచ్చ రంగు షీట్లు, గోలి కూడా పచ్చటిదే. నెలాఖరుకు కొన్ని మిగిలేవి. అమ్మ మోకాళ్ళు నొస్తున్నాయంటే రెండు షీట్లు ఇంట్లో పెట్టాను, నొప్పి బాగా ఉన్నప్పుడు అన్నం తిన్నాక ఒకటి వేసుకొమ్మన్నాను. ఆ తర్వాత మిగిలినవన్నీ తెచ్చి ఇనప్పెట్టెలో పడేసేదాన్ని. పారేయడం ఎందుకని తప్ప పెద్దగా ఆలోచించలేదు.

అమ్మ ఏం చేస్తోందో నాకు తెలిసింది ఒక సెలవు రోజు. పత్తి ఏరే చేను దగ్గరికి సద్ది ఇవ్వడానికి పోయాను. పని మొదలు కాకముందు ఆడవాళ్ళంతా గట్టు మీద కూర్చుని ఉన్నారు. అమ్మ కొంగు ముడి విప్పి పచ్చ షీటు తీసి, ఒక్కొక్కరి అరచేతిలో ఒక్కో గోలి పెడుతోంది. వాళ్ళు గటుక్కున మింగి, చెంబు పక్కవాళ్ళకు అందిస్తున్నారు. ఎవరికీ అప్పటికి నొప్పి లేదు. పొద్దంతా వంగి పని చేస్తే సాయంత్రానికి వస్తుంది కాబట్టి, రాకముందే వేసుకుంటున్నారు. పొద్దున చాయ్ తాగినట్టు అలవాటైపోయింది.

"మా బిడ్డ కంపెనీయి. అంగట్ల దొరకయి. డాక్టర్లకే ఇస్తరు గివి," అంటోంది అమ్మ.

నేను అప్పుడేం చేయాలి? చదువుకున్నదాన్ని, ఐదో పేజీ తెలిసినదాన్ని. పరుగెత్తి ఆ షీటు గుంజుకోవాలి. అది చేయలేదు. అమ్మ ముఖంలో వెలుగు చూస్తూ నిలబడ్డాను. చేను ఆసామి ముందు కూలికి చెయ్యి చాపే మా అమ్మ ఆ గట్టు మీద నలుగురికి ఇచ్చే మనిషి అయింది. అది నాకు ఎంత గర్వమనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పైగా ఆ ముచ్చట నెల మీటింగులో నవ్వుకుంటూ చెప్పాను. మేనేజర్ కుర్చీలోంచి లేచాడు.

"చూశారా, మార్కెట్ ఎలా పుడుతుందో చూశారా? రేపు శాంపిల్ అయిపోతే వీళ్ళంతా ఎక్కడికి వెళ్తారు? షాపుకెళ్ళి పచ్చ గోలి అని అడుగుతారు. మేడం, మీ అమ్మగారిని మన టీంలోకి తీసుకుందాం."

హాలంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం చర్చికి వస్తున్న చిన్నమ్మను చూశాను. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. దగ్గరికి వస్తే తెలిసింది, కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. కళ్ళ కింద కూడా ఉబ్బు.

"ఏమైంది చిన్నమ్మా, కాళ్ళు గిట్ల వాసినయ్?"

"ఎండకు బిడ్డా. ఏం కాలే."

"ఒంటికి మంచిగ పోతుందా?"

"జర తక్కువనే పోతుంది. నీళ్ళు తాగుతలేను గద."

"ఏం గోలీలు ఏసుకుంటున్నవ్?"

"బీపీది ఒకటుంది. ఇగ మన పచ్చ గోలీలే. పొద్దుగాల ఒకటి, మాపున ఒకటి. మస్తు మంచిగున్నయ్ బిడ్డా, నడుము నొప్పే తెల్వదు."

"ఎన్ని దినాల్సంది?"

"పత్తి ఏరుడు షురువైన కాడికెల్లి."

లోపల పాటలు మొదలయ్యాయి. నా చెవులకు ఏమీ ఎక్కలేదు. పత్తి ఏరడం నుంచి ఎండాకాలం దాకా రోజుకు రెండు, బీపీ ఉన్న మనిషి, నీళ్ళు తాగని మనిషి. ఐదో పేజీలో ఉన్న ప్రతి వాక్యం కాళ్ళు వాచి నా ముందు నిలబడి ఉంది.

ఆరాధనకు ఆగకుండా ఆటో మాట్లాడి వికారాబాద్ సర్కారు దవాఖానకు తీసుకుపోయాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ నాకంటే చిన్నది. కాలి మీద వేలితో నొక్కి చూసింది, గుంట పడి అలాగే ఉండిపోయింది. తింటున్న మందులన్నీ చూపించమంది. చిన్నమ్మ కొంగు ముడి విప్పి పచ్చ షీటు తీసి మురిసిపోతూ అందించింది.

"మా బిడ్డ కంపెనీయి డాక్టరమ్మా."

డాక్టరమ్మ షీటు తిప్పి చూసింది. "ఇది అమ్మేది కాదు, డాక్టర్ శాంపిల్ అని రాసుంది. ఎవరిచ్చారు?"

తెలియదనొచ్చు. నిలదీసేవాళ్ళు లేరు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చిందని ఒప్పుకుంటున్నాను.

"నేనే మేడం," అన్నాను.

"పోరిని ఏమనకుండ్రి. మంచికే ఇచ్చింది," అంది చిన్నమ్మ.

"మంచికే ఇచ్చిందనే కదా ఇన్ని నెలలు అడగకుండ తిన్నవ్," అంది డాక్టరమ్మ. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. రక్తం తీసుకున్నారు, మంచం ఇచ్చారు. కిడ్నీలు రెండూ దెబ్బతిన్నాయని, గోలీలు ఆపితే ఎంతవరకు కోలుకుంటాయో కొన్ని రోజులు చూడాలని, కోలుకోకపోతే హైదరాబాద్ పంపి మిషన్ మీద రక్తం శుభ్రం చేయించాల్సి వస్తుందని చెప్పింది.

మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి అమ్మ చర్చి నుంచి వచ్చి, చిన్నమ్మకు పంపడానికి గిన్నె సర్దుతోంది. నేను బ్యాగులోంచి ఫోల్డర్ తీసి ఐదో పేజీ తెరిచాను. ఒక్కో వాక్యం తెలుగులో చదివాను. అమ్మ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని వింది. చివరిదాకా అయ్యాక అడిగింది.

"గిది నీకు ముందుగాల్నే ఎరికెనా?"

"ఎరికే."

"డాక్టర్లకు చెప్తవ్ గద. గీ పేజీ చెప్పినవా?"

"లేదు."

"మరేం చెప్పినవే గిన్ని దినాలు?"

ఫోల్డర్ మూసేశాను. ఈ మాట మా కంపెనీ మీటింగులో ఎవరూ ఒక్కసారి కూడా అడగలేదు. అమ్మ ఏడ్వలేదు. గిన్నె మూత పెట్టి, ఇనప్పెట్టె తెరిచి, పచ్చ షీట్లన్నీ చీరలో మూట కట్టింది. టీవీ మీది షీల్డ్ కూడా ఆ మూటలోనే వేసింది.

చిన్నమ్మ వారం రోజులు దవాఖానలో ఉంది. వాపు కొంచెం కొంచెం దిగింది. హైదరాబాద్ పంపే అవసరం రాలేదు. కిడ్నీలకు పోయిన బలం పూర్తిగా రాదని, ఇకపై ఎండలో కూలి వద్దని, బీపీ గోలి మాత్రం ఒక్క రోజు కూడా మానకూడదని, మానితే మిగిలిన కాస్త బలం కూడా పోతుందని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పి పంపింది. చిన్నమ్మ తలూపింది. ఇంటికి వచ్చాక మాత్రం ఒక్క గోలి ముట్టలేదు. కొత్త షీటు ఇస్తే పక్కన పెట్టింది.

"వద్దు బిడ్డా. ఏ గోలీ వద్దు. నువ్వు ఇచ్చిందే గిట్లయింది, ఇగ ఎవ్వరిని నమ్మాలె?"

కోపంగా అనలేదు. ప్రేమగానే అంది. నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి నోరు మందుకు తెరుచుకోకుండా నేనే చేశాను. ఆమె కిడ్నీల కంటే ఎక్కువగా నన్ను భయపెట్టింది ఆ మాటే. ఆ గోలి వేసుకోకపోతే ఆమె పోతుంది, నా చేత్తో ఇస్తే వేసుకోదు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో అమ్మ లేచింది. మొదటిసారి నిలబడిన చోటే, ఆ మూట ముందు పెట్టుకుని నిలబడింది.

"అయ్యగారికి, సంఘానికి వందనాలు. నేను గొప్పలకు పోయిన. నా బిడ్డ గోలీలని మీ అందరికి పంచిన. నా చెల్లె దవాఖానల పడ్డది. తప్పు నాది. మీ ఇండ్లల్ల ఉన్న పచ్చ గోలీలు తెచ్చి ఈడ పెట్టుండ్రి. ఇది సుత సాక్ష్యమే."

మా సంఘంలో మేలు జరిగిందని చెప్పడమే అలవాటు, చెడు చేశానని నిలబడి చెప్పినవాళ్ళు లేరు. తర్వాత ఒక్కొక్కరే కొంగు ముళ్ళు విప్పారు. కొందరు ఇళ్ళకు పోయి తెచ్చారు. బియ్యం డబ్బాల్లోంచి, బైబిలు కవర్లలోంచి షీట్లు వచ్చాయి. ఒకామె మాత్రం ఇవ్వనంది.

"నడుము ఇరుగుతుంటె నేనేం తినాలె? నువ్వే నేర్పితివి, నువ్వే గుంజుకుంటవా?"

న్యాయమైన మాట. అమ్మ నా వైపు చెయ్యి చూపించింది.

"నా బిడ్డ సదువుతది. ఇనుండ్రి. ఇన్నంక మీ ఇష్టం."

నేను లేచి ఐదో పేజీ చదివాను. రెండేళ్ళలో వందల సార్లు తెరిచిన ఫోల్డర్‌లో నేను ఎప్పుడూ తిప్పని పేజీని మా వాడ ఆడవాళ్ళ ముందు తిప్పాను. చదివి, కాలేజీలో నేర్చుకున్నది కూడా చెప్పాను. నొప్పి ఉంటే దవాఖానకు పోవాలని, డాక్టర్ ఇచ్చినన్ని రోజులే వాడాలని, బీపీ ఉంటే ముందే చెప్పాలని, నొప్పి రాకముందు వేసుకునే గోలి ప్రపంచంలో లేదని. వాళ్ళు అడిగిన ప్రశ్నలు ఏ డాక్టరూ నన్ను అడగలేదు. పాలిచ్చే తల్లి వేసుకోవచ్చా? కల్లు తాగినోడు వేసుకుంటే ఏమవుతుంది? ఎండకు పోయే రోజు ఏం చేయాలి? గంటసేపు నిలబెట్టారు. ఆ ఒకామె కూడా చివరికి షీటు తెచ్చి మూటలో వేసి, మా అమ్మను గుర్రుగా చూసి పోయింది.

ఆ వారమే తాండూరు డాక్టర్ దగ్గర మొదటి నాలుగు పేజీలు వదిలేసి ఐదోది తెరిచాను. ఆయన కళ్ళద్దాలు తీసి పెట్టాడు.

"ఇది నాకు తెలియదనుకున్నవా?"

"తెలుసు సార్. నేను గుర్తు చేయలేదు. బయట బండల పనోళ్ళు ఎండల కెల్లి వచ్చి కూసున్నరు."

నా తర్వాత లోపలికి పోయిన మనిషిని ఆయన రోజుకు ఎన్ని నీళ్ళు తాగుతావని అడగడం తలుపు బయటికి వినిపించింది. మేనేజర్‌కు ఎవరు చెప్పారో, సాయంత్రానికి ఫోన్ వచ్చింది. కోపంగా ఉన్నాడు.

"కంపెనీ మీకు తిండి పెడుతోంది మేడం."

"మా చిన్నమ్మ పెట్టింది సార్ అంతకుముందు," అన్నాను. బ్యాగు, ఫోల్డర్ కొరియర్లో పంపేశాను.

మందులంటే నాకు ద్వేషం లేదు. నా చదువే అది. టీబీ గోలీలతో మా నాన్న పదేళ్ళు ఎక్కువ బతికాడు. నాకు మంట ఎక్కడంటే, మందు చేసిన చేతులే దాని చెడును చీమ తలకాయంత చేసి చివరి పేజీలోకి తోస్తాయి. ఆ పేజీ తిప్పని పిల్లలకు షీల్డులు ఇస్తాయి. పొలంలో ఒంగే నడుము, గనిలో ఒంగే నడుము వాళ్ళకు మార్కెట్. ఆ మాటకు చప్పట్లు కొట్టిన చేతుల్లో నావి కూడా ఉన్నాయి కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుందని అనుకుంటున్నాను. ఇప్పుడు వికారాబాద్‌లో ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా కూర్చుంటున్నాను. నా దగ్గర మందు కొంటే చివరి పేజీ కూడా వినాల్సిందే. వినే ఓపిక లేదని విసుక్కుని పక్క షాపుకు పోయేవాళ్ళు ఉన్నారు. పోనీ.

నేను ఆ ఉద్యోగం వదిలేసిన రోజుల్లోనూ చిన్నమ్మ బీపీ గోలి ముట్టలేదు. పదిహేను రోజులు గడిచాయి. అమ్మ బతిమాలింది, పాస్టరుగారు చెప్పారు, డాక్టరమ్మ ఫోన్‌లో కోప్పడింది. నేను ఒక్కదాన్నే ఏమీ అనలేదు. ఏ ముఖం పెట్టుకుని అంటాను?

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది. చెప్పులు వేసుకుని వచ్చింది. గడప మీద కూర్చుని కొంగు ముడి విప్పి, దవాఖానలో ఇచ్చిన బీపీ షీటు నా చేతిలో పెట్టింది. ఒక్క గోలి కూడా తీయలేదు అందులోంచి.

"గా దినం చర్చిల సదివినవ్ గద. దీని ఆఖరు పేజీ సుత సదువు."

"దీనికి కాగితం లేదు చిన్నమ్మా."

"ఫోన్ల ఉండదా?"

ఉంటుంది. తీశాను. గోలి ఎందుకు వాడతారో, ఎప్పుడు వేసుకోవాలో చదివాను. అమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడి ఉంది. కిందికి జరిపితే తలనొప్పి రావొచ్చని ఉంది, చదివాను. ఇంకొంచెం కిందికి జరిపి ఆగిపోయాను. ఈ గోలితో కొందరికి కాళ్ళు వాయొచ్చు అని రాసి ఉంది.

ఇది చదివితే ఆమె లేచి పోతుంది. కాళ్ళ వాపు చూసి భయపడ్డ మనిషి, ఈ జన్మకు గోలి ముట్టదు. చదవకపోతే వేసుకుంటుంది, బతుకుతుంది. ఒక్క వరుస. ఆమెకు ఫోన్ చదవడం రాదు, అమ్మకూ రాదు. మా మేనేజర్ నా పక్కన ఉంటే ఏం చెప్పేవాడో నాకు బాగా తెలుసు. అది మంచికే కదా అని కూడా అనేవాడు.

"ఈ గోలి ఏసుకుంటే కొందరికి కాళ్ళు వాస్తయని ఉంది చిన్నమ్మా," అన్నాను.

చిన్నమ్మ తన కాళ్ళ వైపు చూసుకుంది.

"అందరికి రాదు," అన్నాను. "వస్తే నాకు అదే దినం చెప్పాలె. డాక్టరమ్మ వేరే గోలి రాస్తది. అది కిడ్నీ వాపు కాదు, దీని వాపు వేరు. కానీ రావచ్చు. లేదని చెప్ప."

చిన్నమ్మ కాళ్ళు చెప్పుల్లోకి జరుపుకుంది. లేచి పోతుందనుకున్నాను. నా ముఖంలోకి చూసింది.

"గిది దాచినా నాకు తెల్వకపోవు."

"తెల్వకపోవు."

"ఊఁ," అంది. అమ్మ వైపు తిరిగి, "అక్కా, నీ బిడ్డ ఇప్పుడైంది డాక్టర్లకు చెప్పేటి మనిషి," అంది. అమ్మ చెంబు తెచ్చి ఆమె పక్కన పెట్టింది.

చిన్నమ్మ నా ముందు అరచెయ్యి చాపింది. నేను షీటులోంచి గోలి నొక్కి అందులో పెట్టాను.